కుంపటి మీద రెండో చెయ్యి

కుంపటి మూతకి ఉన్న వేడి కొలిచే ముల్లు ఎర్రచుక్క మీద నిలబడి ఉంది. అక్కడ ఉండడానికి వీల్లేదు. బజారులో ఉల్లిపాయలు ఏరుకుంటూ ఉండగా గుర్తొచ్చింది నాకు, కుంపటి కింది తలుపు బార్లా వదిలేసి వచ్చానని. గుర్తొచ్చిన క్షణాన సంచి సగం కూడా నిండకుండానే వెనక్కి తిరిగాను, దారిలో ఎవరో పలకరిస్తే పలకలేదు, ఈపాటికి అది కొలిమి అయిపోయి ఉంటుంది, ముల్లు అంకెలన్నీ దాటేసి ఉంటుంది, ఇక మధ్యాహ్నం దాకా దిగదు, ఆసుపత్రి వాళ్ళ భోజనం ఇవాళే, పెద్ద నర్సమ్మ ఉద్యోగం విరమిస్తోందని డాక్టర్లు, ఆయాలు అందరూ కలిసి మేం భోజనాలు పెట్టే మా పెరట్లోకే వస్తున్నారు, అనుకుంటూ గేటు తోసుకుని వచ్చి చూస్తే ఏముంది, ముల్లు బుద్ధిమంతురాలిలా చుక్క మీద కూర్చుని ఉంది. ఇంకొకడైతే గుండె మీద చెయ్యి వేసుకుని హమ్మయ్య అనేవాడు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

మా ఆవిడ వంటింటి గడపలో ఆకుకూర చాట పెట్టుకుని ఉంది. అప్పుడే వచ్చేశారేం అంది. ఊరికే అన్నాను. కొత్తిమీర తెచ్చారా అంది, లేదంటే, అయితే ఇంకోసారి వెళ్ళి రారాదూ, వాళ్ళు వచ్చేసరికి కూరలు బోసిగా ఉంటాయి అంది. లోపల బల్ల ఉంది, బల్ల ముందు కుర్చీ ఉంది, ఈవిడ గడపలో పీట వేసుకుని ఆకులు గిల్లడం ఇన్నేళ్ళలో నేను చూడలేదు. తరవాత వెళ్తానన్నాను. ఆవిడ ఆకు గిల్లింది, కాడ చాటలో వేసింది, ఆకు కింద పారేసింది.

పింగాణీ కుంపటి అని దాని పేరు. ఆకారం చూసి జనం గుడ్డు అంటారు. ఇనప కాళ్ళ మీద నిలబడ్డ పెద్ద మట్టి గుడ్డు, గోడ అరచేతి మందం, పైన నల్లగా నిగనిగలాడే పూత. కింద గాలి లోపలికి పోవడానికి జరిపే తలుపొకటి, నడినెత్తిన గాలి బయటికి పోవడానికి తిప్పే ఇనప టోపీ ఒకటి, నడుమ బొగ్గులు. అంతే దాని యంత్రం. కానీ మామూలు కుంపటి లాంటిది కాదు, అది తిడితే తిడుతుంది, ఊరుకుంటే ఊరుకుంటుంది, దీనికి మనసులో పెట్టుకునే గుణం ఉంది. మట్టి ఒకసారి వేడి తాగిందంటే ఇక కక్కదు. ముల్లు చుక్కకి ఇంకా ఎంతో దూరంలో ఉండగానే తలుపు ఇంత, టోపీ ఇంత మూసుకుంటూ రావాలి, మూసి చేతులు కట్టుకుని కూర్చోవాలి, చేసిన పనికి ఫలితం వెంటనే కనబడదు, కనబడలేదు కదా అని మళ్ళీ వేలు పెట్టామా చచ్చామే. ఎక్కేటప్పుడు పట్టుకోవాలి, ఎక్కాక పట్టుకునేదేమీ లేదు. ఈ గుడ్డు పక్కన కూర్చోవడం వల్లే నేను తక్కువ మాట్లాడతానని మా ఆవిడ వాళ్ళ వాళ్ళతో అంటుంది. అంతకుముందు కూడా తక్కువే మాట్లాడేవాణ్ణి, అప్పుడు దానికి కారణం ఆవిడ వెతకలేదు.

వంగి చూశాను. కింది తలుపు నేను వదిలినట్టే ఉంది, బార్లా. అంటే నా మతిమరుపు కల కాదు. టోపీ మాత్రం నేను వదిలినట్టు లేదు. సగం తెరిచి వెళ్ళాను, ఇప్పుడు గోరు కత్తిరించి పారేస్తే పడే ముక్కంత సందు ఉంది, అంతే. కింద ఎంత తెరిచినా సరే పైన గొంతు పిసికి మంటని మాట వినిపించే పద్ధతి. అది నా పద్ధతి కాదు. నేను కింద పట్టుకుంటాను, మొదట్లోనే గాలి అదుపులో ఉండాలి. పైనుంచి పట్టేవాడు ఒక్కడే, వాడు కింది తలుపు జోలికి పోడు, ఎందుకంటే వాడికి వంగితే నడుం పట్టేస్తుంది. మనిషి తాటిచెట్టంత. టోపీ తిప్పే ఇనప కొక్కెం మేకుకి ఉండాలి, బల్ల మీద ఉంది, దాని కర్రపిడికి తెల్లగా వేళ్ళ ముద్రలు. గోధుమపిండి. ముక్కు దగ్గర పెట్టుకు చూశాను, పులిసిన పిండి వాసన. మా తోడల్లుడు పనిచేసేది బేకరీలో. మా ఆవిడ చెల్లెలి మొగుడు. ఈ పెరట్లో అడుగు పెట్టనని వాడు, పెట్టనివ్వనని నేను, నలుగురి ముందూ అనుకుని ఏళ్ళు గడిచాయి.

మొదట వచ్చిన ఆలోచన మగవాడికి మొదట వచ్చే ఆలోచనే. దాన్ని దాచను. నేను బజారుకి వెళ్ళడం, వాడు రావడం, ఆవిడ గడపలో కాపలా. ఆ ఆలోచన నడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది, దాని ముఖంలోకి చూశాను, పోలిక కుదరలేదు. ఆ పని మీద వచ్చినవాడు కుంపటి వంక చూస్తాడా. చూశాడే అనుకో, ఇంకొకడి ఇంట్లో ఇంకొకడి నిప్పు ఎక్కువైతే వాడికేం, కాలిపోనీ అనుకుంటాడు కానీ కొక్కెం తీసుకుని నిలబడి టోపీని వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పుతాడా. ఇది ఒక్క తిప్పుతో వచ్చిన సందు కాదు. ఓపికతో వచ్చింది. వాడు వచ్చింది దీనికోసమే. ఆవిడ కోసం అయినా బాగుండేది, చెయ్యి చేసుకోవడానికి ఒకడు దొరికేవాడు.

ఇద్దరం కలిసే మొదలుపెట్టాం. గుడ్డు వచ్చిన కొత్తలో వాడు మూత గబుక్కున ఎత్తాడు, లోపల ఊపిరాడక పడుకున్న మంట గాలి తగలగానే మీదికి లేచింది, కనుబొమలు రెండూ పోయాయి. మా మరదలు వాణ్ణి చూసి, ఎవరండీ మీరు అంది. నవ్వలేక చచ్చాం. కనుబొమలు మొలిచేదాకా వాడు ఏం మాట్లాడినా ఆశ్చర్యపోతున్నట్టే ఉండేది. ఆ తరవాతే నేర్చుకున్నాం, మూత వేలెడు ఎత్తి, దాన్ని ఒకసారి ఊపిరి పీల్చుకోనిచ్చి, అప్పుడు తెరవాలని. అయినా అసలు పాఠం అది కాదు. మొదటి పెద్ద భోజనం నాడు నేను వేడి ఎక్కువైందని కింద కాస్త మూశాను. వాడికి తెలీదు, ముల్లు దిగుతోందని పైన తెరిచాడు. నాకు తెలీదు, ముల్లు లేచిందని ఇంకాస్త మూశాను. ఒకళ్ళు చేసింది ఇంకొకళ్ళు సరిదిద్దుకుంటూ సాయంత్రం దాకా ఇద్దరం చెమటలు కక్కాం, మాంసం పైన బొగ్గు, లోపల నెత్తురు. ఆ రోజు పెట్టుకున్నాం కట్టడి, ఒక నిప్పుకి ఒకటే చెయ్యి. వెలిగించినవాడే చివరిదాకా, రెండోవాడు ముల్లు వైపు చూడను కూడా చూడకూడదు. వాడు ఒప్పుకున్నాడు, కానీ చూడకుండా ఉండలేడు. పక్కన ఉల్లిపాయలు తరుగుతూనే దొంగచూపులు. ఒకరోజు బల్లల నిండా జనం ఉండగా, అన్నయ్యా, మీ చెయ్యి గొప్పదే, ముల్లుని కూడా కాస్త అడిగి చూడండి, అన్నాడు. జనం నవ్వారు. నేను చేతిలో ఉన్న పటకారు కింద పెట్టి, పిండి పిసుక్కోవడానికి గొప్ప చెయ్యి అక్కర్లేదు, ఏ బేకరీకో పో అన్నాను. పోయాడు. నిజంగానే బేకరీలో చేరాడు. తెల్లవారకముందే వాళ్ళ పొయ్యి వెలిగిస్తారు, ఎండెక్కేసరికి వాడికి తీరిక. ఎండెక్కేసరికే నేను బజారుకి వెళ్ళేది. అది ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది.

నా చెయ్యి గొప్పదే. టోపీ మీద జానెడు ఎత్తున అరచెయ్యి పెట్టి చెప్పేవాణ్ణి, మాంసం పెట్టొచ్చా, ఆగాలా, లోపల బొగ్గు ఏ మూల రాజుకుంటోంది, అన్నీ. ముల్లు పై గాలి కబుర్లే చెప్తుంది, మాంసం దగ్గర ఏం జరుగుతోందో దానికేం తెలుసు. అరచేతికి తెలుసు. పోయిన వానాకాలంలో ఒకరోజు అలాగే చెయ్యి పెట్టాను, ఎప్పుడూ వచ్చే చురుకు రాలేదు. బొగ్గు తడిసి ఆరిపోయిందనుకుని మూత ఎత్తితే లోపల నిప్పులు ఎర్రగా ఇగిలిస్తున్నాయి. చక్కెర జబ్బు నరాలని తినేసిందన్నాడు డాక్టరు, చెదలు గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పాడు. ఆ సాయంత్రం మా ఆవిడ బట్టలు మడత పెడుతుంటే చెప్పాను. ఆవిడ మడత ఆపి నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వేలు వేలూ నొక్కుతూ, ఇక్కడో, ఇక్కడో, అంది. తెలియని చోట కూడా తెలుస్తోందన్నాను. ఎవరికీ చెప్పకు అన్నాను. నా తోడబుట్టినదానికి కూడా చెప్పను అంది. అంత మాట నేను అడగలేదు. అడగని ఒట్టు వేసినప్పుడే అనుమానించాల్సింది, నేను మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ తరవాత కూడా అరచెయ్యి పెడుతూనే ఉన్నాను టోపీ మీద. చూసేవాళ్ళకి అలవాటు కదా. పెట్టి, తల ఊపి, అప్పుడు మాంసం పెట్టేవాణ్ణి, అది ప్రతిరోజూ వెన్నలా వచ్చేది. తలుపు పెట్టే వాటం చేతికి అలవాటైపోయింది, స్పర్శ పోయినా పనితనం ఎక్కడికి పోతుంది, అనుకుని లోలోపల మురిసిపోయాను. బొగ్గు బస్తా మునుపటికంటే ఎక్కువ రోజులు వస్తోంది, మంచి బొగ్గు దొరికిందనుకున్నాను. మూత అంచున ఉన్ని పట్టీ మాడిపోయి గాలి కారుతుంటే ఒకరోజు కొత్తది అంటించి ఉంది, ఎవరు వేశారంటే ఎవరో మెకానిక్కుని పిలిచానంది మా ఆవిడ. పట్టీ అతుకు వెనకవైపు పడేలా, సన్నగా, చేత్తో నిమిరితే తెలియనట్టు అంటించి ఉంది, ఏ మెకానిక్కుకి పట్టింది అంత శ్రద్ధ. వారానికోసారి వెళ్ళే బజారు రోజూ అయింది. కూరలు తాజాగా ఉండాలండీ, నడిస్తే మీ జబ్బుకీ మంచిది, అంది. జబ్బు పేరు చెప్పి నన్ను బయటికి పంపి, జబ్బు పేరు చెప్పి వాణ్ణి లోపలికి పిలిచింది. ఇన్నాళ్ళూ నా వెనకాల నా నిప్పుని ఇంకొకడు సర్దిపెడుతుంటే, నేను వచ్చి చచ్చిన చెయ్యి దాని మీద ఊపి తల ఊపడం, గడపలోంచి ఆవిడ అది చూడడం. ఏమనుకునేది చూస్తూ. ఆ ముఖం నాకు గుర్తు రావడం లేదు, నేనెప్పుడూ అటు చూడలేదు.

గోడ మీదుగా మా వీధిలో తాళాలు బాగుచేసే ఆయన తల కనిపించింది. రోజూ మా దగ్గరే తింటాడు, మాట కలపకుండా వీధి దాటడు. "ఏమయ్యా, ఇంకా పొదుగుతున్నావా?" అన్నాడు, అదే హాస్యం, గుడ్డు వచ్చినప్పటినుంచీ అదే. నిన్న మాంసం ఎలా ఉందని అడిగాను. నేను ఎప్పుడూ అడగను, ఆయన ఉలిక్కిపడ్డాడు. అమోఘం, నీ చేతి మహిమ, అన్నాడు, అంటూ నా ముఖం వైపు కాక తన చేతిలో తాళంచెవుల గుత్తి వైపు చూసుకున్నాడు. పోయిన వారం ఈయనే, మీ ఇద్దరి చేతి వంట తిన్నాక ఇంకోచోట సయించదయ్యా అని, నాలిక కరుచుకుని, నువ్వూ మీ ఆవిడా అని సర్దుకున్నాడు. అంటే ఈయనకి తెలుసు. ఈయనకి తెలిస్తే వీధికి తెలుసు. మధ్యాహ్నం వచ్చే ఆసుపత్రి వాళ్ళకి నా నరాల సంగతి నాకంటే ముందే తెలిసి ఉంటుంది. అందరూ తిని, చెయ్యి కడుక్కుని, నా దగ్గరికొచ్చి మహిమ అని చెప్పి వెళ్తారు, పిల్లాడు పలక మీద గీసిన గీతలని మెచ్చుకున్నట్టు.

అప్పుడు వినిపించింది తుమ్ము. గుడ్డలో ముఖం పెట్టుకుని తుమ్మిన తుమ్ము, వంటింటి పక్కన బస్తాల గదిలోంచి. బొగ్గు నుసి వాడికి ఎప్పుడూ పడేది కాదు. మా ఆవిడ చాట గట్టిగా కొట్టి, పిల్లి దూరినట్టుంది అంది. తుమ్మే పిల్లి. ఇంటికి ఉన్నది ఒకటే గుమ్మం, అది ఈ పెరట్లోకే, బస్తాల గది కిటికీకి ఊచలు. నేను పెందలాడే వచ్చేసరికి వాడు లోపలే చిక్కుపడిపోయాడు, తాటిచెట్టంత మనిషి బొగ్గు బస్తాల మధ్య నడుం వంచుకుని, అప్పటినుంచీ. కొత్తిమీర అందుకు.

లేచాను. కొక్కెం తీసుకుని టోపీ పూర్తిగా తెరిచాను. గుడ్డు పెద్దగా ఊపిరి వదిలింది. మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చున్నాను, కొక్కెం ఒళ్ళో పెట్టుకుని. కింద బార్లా, పైన బార్లా, ఇక దానికి అడ్డేముంది. ముల్లు మొదట కదలనట్టే ఉంటుంది, తరవాత చూస్తే చుక్క వెనకబడి ఉంటుంది. మా ఆవిడ చేతులు ఆకుల్లో ఆగిపోయాయి. ఏవండీ, టోపీ, అంది. టోపీకి తలుపుకి తేడా తెలియదని అందరికీ చెప్పుకునే మనిషి. టోపీకేమైంది అన్నాను. ఏం లేదు అంది. ముల్లు ఎక్కుతోంది. ఇంకాస్త దాటితే ఇవాళ్టి భోజనం అయిపోయినట్టే, అది ఆవిడకి తెలుసు, నాకు తెలుసు, గదిలో ఉన్నవాడికి అందరికంటే బాగా తెలుసు, వాడికి ముల్లు కనబడక్కర్లేదు, ఉన్ని పట్టీ కమురు వాసన మొదలైంది, వాడు అంటించిన పట్టీ. రా. నన్ను దాటి పోలేవు, దీన్ని వదిలి ఉండలేవు. ఎంతసేపుంటావో ఉండు. నర్సమ్మ రిటైరైతే ఏం, ఆ బల్లల మీద ఇవాళ రొట్టెలూ నీళ్ళూ పెట్టి, ఇదే నా చేతి మహిమ అని చెప్తాను, నా మాంసం మాడిందని నేనే చెప్తాను, కనీసం అది నేను మాడ్చింది అవుతుంది.

బస్తాల గది తలుపు చప్పుడైంది. మా ఆవిడ పక్కకి జరిగింది, లేవలేదు, పీటతో సహా జరిగింది. వాడు తల వంచుకుని గుమ్మం దాటాడు, బేకరీ ఏప్రాను, ముఖం సగం పిండి సగం బొగ్గు. నా వైపు చూడలేదు. సిగ్గుపడి కాదు, ముల్లు వైపు చూస్తున్నాడు. నేరుగా గుడ్డు దగ్గరికి వచ్చి కొక్కెం కోసం చెయ్యి చాపాడు, మేకుకి లేదు, బల్ల మీద లేదు, నా ఒళ్ళో ఉంది. అడగలేదు. ఏప్రాను కొంగు చేతికి చుట్టుకుని టోపీ మీదికి వంగాడు. వాడి చెయ్యి దాని మీద పడకూడదు, అంతే నాకు తెలిసింది, అప్పటికే నేను నిలబడి ఉన్నాను, నా చెయ్యి వాడి చేతికంటే ముందు వెళ్ళింది. టోపీ మీద అరచెయ్యి ఆనించి, ఎవరో బయటినుంచి తోస్తున్న తలుపుని నొక్కి పట్టుకున్నట్టు నొక్కి పట్టుకున్నాను. వాడు నా ముఖంలోకి చూశాడు అప్పుడు. కనుబొమలు లేనప్పటి ముఖం. కాలుతున్న వాసన వచ్చింది, ఇంకా మాంసం పెట్టలేదే అనుకున్నాను.

"అన్నయ్యా, చెయ్యి తియ్యండి."

"ఎవరు చెప్పారు నీకు?"

వాడి కళ్ళు నా భుజం మీదుగా గడప వైపు వెళ్ళాయి.

"నేనే చెప్పాను," అంది మా ఆవిడ వెనకనుంచి. "ముందు చెయ్యి తియ్యండి."

నేను తియ్యలేదు. వాడు నా మణికట్టు పట్టుకుని పైకెత్తాడు, టోపీకి ఏదో అంటుకుని ఉండిపోయింది. కొక్కెం ఎప్పుడు జారిందో నేల మీద ఉంది, తీసుకుని టోపీ తిప్పాడు, నడుం పట్టుకుని మూలుగుతూ వంగి, నేను చూడగా మొదటిసారి, కింది తలుపు కూడా మూశాడు. రెండు దిక్కులా మూసినా ముల్లు ఇంకా ఎక్కుతూనే ఉంది, అది అంతే. మా ఆవిడ బక్కెట్టు తెచ్చి నా చెయ్యి మోచేతి దాకా ముంచేసింది, ముంచి వదల్లేదు, నేల మీద కూలబడి రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. వాళ్ళు ఎన్నింటికి వస్తారు, మాంసం ఆలస్యంగా పెడితే సరిపోతుందేమో, ఏమంటారన్నయ్యా, అని వాడు అడుగుతున్నాడు. నన్నే. నేను బక్కెట్లోకి చూస్తున్నాను, నీళ్ళలో చెయ్యి పెద్దదిగా, తెల్లగా, ఎవరిదో మర్చిపోయి వెళ్ళినట్టు ఉంది. ఆవిడ వేళ్ళు దాన్ని పట్టుకుని ఉన్నాయని కళ్ళతో చూసి తెలుసుకుంటున్నాను.

"చల్లగా ఉన్నాయా నీళ్ళు?" అన్నాను.

ఆవిడ తలెత్తింది. నా వైపు చూసింది.

"చల్లగానే ఉన్నాయండీ."

ఆ ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను. అది కూడా ఆవిడ చెప్తేనే నాకు తెలియాలి.